పాటకి ముందురోజు సాయంత్రం

(విజయనగరంలో పాత కార్ల వ్యాపారులు, మెకానిక్‌లు, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు కలుసుకున్నప్పుడు ఒక సీనియర్ వ్యాపారి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఫ్యాన్ల చప్పుడుకి నా మాట వినపడుతోందా? సరే. పలాస నుంచి, టెక్కలి నుంచి తెల్లారగట్లే బయల్దేరి వచ్చినవాళ్లున్నారు. పార్వతీపురం, సాలూరు వాళ్లున్నారు. ఒక రోజు దుకాణం మూసుకుని వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

నన్ను మాట్లాడమన్నది ఒక్క సంగతి మీద. వేలంలో పాత కారు కొనేటప్పుడు దాన్ని ఎలా చూడాలి, ధర ఎలా కట్టాలి. చూడటం వేరు, ధర కట్టడం వేరు అని మనలో చాలామంది అనుకుంటారు. బండి చూసి "బాగుంది" అంటారు. తర్వాత వేలంపాటలో కూర్చుని పక్కవాడు ఎంతంటే దానికి ఐదువేలు కలిపి అంటారు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకు తెలిసింది ఏమిటంటే రెండూ ఒకటే పని. చూసిన ప్రతిదానికీ పక్కన ఒక రూపాయి అంకె పడాలి. టైరు అరిగింది అని రాసుకుంటే సరిపోదు. టైరుకి నాలుగు వేలు అని రాసుకోవాలి. "ఇంజిన్ కొంచెం శబ్దం" అంటే ఎంత? అంకె చెప్పలేకపోతే నువ్వింకా ఆ బండిని చూడలేదన్నమాట.

మా తాత ఎడ్ల బేరం చేసేవాడు. చిన్నప్పుడు నన్ను అలమండ సంతకి తీసుకెళ్లేవాడు. అందరూ ముందు పళ్లు చూస్తారు, ఎద్దుకి వయసెంతో తెలుస్తుందని. మా తాత ముందు పళ్లు చూసేవాడు కాదు. అమ్మేవాడి పక్కన కూర్చుని, చుట్ట వెలిగించి, "ఎందుకు అమ్మేస్తున్నావు నాయినా?" అని అడిగేవాడు. కూతురి పెళ్లా, అప్పా, లేకపోతే ఎద్దు కాడి కింద పడుకుంటోందా? జవాబు వింటూ మనిషి మొహం చూసేవాడు. ఆ తర్వాతే లేచి పళ్లు చూసేవాడు.

వేలంలో మనకి ఆ మనిషి దొరకడు. అదే తేడా. బండి ఉంటుంది, యార్డులో వాచ్‌మన్ ఉంటాడు, ఒక కాగితం ఉంటుంది. ఎందుకు అమ్ముతున్నావని ఎవర్ని అడుగుతాం? బండినే అడగాలి.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది. ఈ బండి ఇక్కడికి ఎందుకు వచ్చింది? నాలుగు దారులున్నాయి. ఒకటి, ఫైనాన్సు వాళ్లు సీజ్ చేసిన బండి. మన చేతికి ఎక్కువగా వచ్చేవి ఇవే. రెండు, ఇన్సూరెన్సు కంపెనీ నష్టపరిహారం ఇచ్చేసి, మిగిలిన బండిని వేలంలో పెట్టేది. బాగు చేయించే ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టం కింద కట్టేస్తారు. అంటే ఆ దారిలో వచ్చిన బండికి ఎంత దెబ్బ తగిలి ఉంటుందో ఊహించుకోండి. మూడు, పెద్ద కంపెనీలు, ట్యాక్సీ వాళ్లు తమ బండ్లు ఒకేసారి తీసేసేవి. నాలుగు, ప్రభుత్వ శాఖలవి, ఎంఎస్‌టీసీ లాంటి ప్రభుత్వ వేలం సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో వస్తాయి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకి 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. అలాంటివి తుక్కు కిందే పోతాయి, రోడ్డు మీద తిప్పడానికని చూడకండి.

సీజ్ చేసిన బండి సంగతి కొంచెం ఆలోచించండి. వాయిదా కట్టలేని మనిషి ఆయిల్ మార్పించి ఉంటాడా? ఆరు నెలలుగా ఫైనాన్సు వాళ్ల ఫోన్లకి టెన్షన్ పడుతున్న మనిషి బ్రేకు ప్యాడ్లు వేయించి ఉంటాడా? పాపం, ఆయన తప్పు పట్టడం లేదు, ఆయన కష్టం ఆయనది. చివరి సంవత్సరం సర్వీసు జరగలేదని మాత్రం ముందే రాసుకోండి. ఆ తర్వాత బండి యార్డులో నిలబడుతుంది. నాలుగు నెలలు, ఎనిమిది నెలలు, ఎండకీ వానకీ. బ్యాటరీ చచ్చిపోతుంది. టైరు ఒకవైపు కూర్చుండిపోతుంది, నడిపితే దడదడమంటుంది. ఎలకలు వైర్లు కొరికేస్తాయి. బానెట్ ఎత్తగానే ఎలక పెంటికలు కనపడ్డాయా? వైరింగుకి అంకె రాసుకోండి.

బండి చూడటం

చూడటానికి ఇచ్చే రోజున పొద్దున్నే వెళ్లండి. గేటు తీసేసరికి మీరు అక్కడుండాలి. ఎందుకు? ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీకంటే ముందు ఎవరో స్టార్ట్ చేశారు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మొదటిసారి స్టార్టయినప్పుడు చెప్పినంత నిజం ఇంకెప్పుడూ చెప్పదు. యార్డులో రోడ్డు మీదకి తీసుకెళ్లి నడపనివ్వరు. స్టార్ట్ చేయనిస్తారు, కొన్నిచోట్ల రెండడుగులు ముందుకీ వెనక్కీ కదపనిస్తారు. అంతే. కాబట్టి ఆ ఒక్క స్టార్టు మనకి బంగారం.

ముందు ఒళ్లు చూడండి. నేను బండి చుట్టూ రెండుసార్లు తిరుగుతాను. మొదటిసారి ఏమీ ముట్టుకోను. పది అడుగుల దూరంలో, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు నిలబడి డోర్ల మధ్య సందులు చూస్తాను. కుడిపక్క సందు, ఎడమపక్క సందు ఒకేలా ఉన్నాయా? రంగు ఒకే ఛాయా? రెండోసారి చేతులతో.

ఈ చిన్న మిషన్ ఉంది చూశారా, పెయింట్ మందం కొలిచేది. కొందరి దగ్గర ఉంది, లేనివాళ్లు కొనుక్కోండి, రెండు మూడు వేలలో వస్తుంది. ఫ్యాక్టరీ రంగు బండిని బట్టి వంద నుంచి నూట యాభై మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. ఒక డోరు మీద రెండువందల యాభై చూపిస్తే దానికి మళ్లీ రంగు పడింది. ఐదొందలు, వెయ్యి చూపిస్తే? లోపల లప్పం ఉంది. లప్పం కింద దెబ్బ ఉంది. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మిషన్ పనిచేయదు, అక్కడ పెట్టి మోసపోకండి.

అయితే రంగు పడిన ప్రతి బండీ చెడ్డది కాదు. మన రోడ్ల మీద ఆటో గీసుకోని డోరు ఎక్కడైనా ఉందా? డోరుకి రంగు పడిందంటే నేను భయపడను. భయపడాల్సినవి మూడు చోట్లు. డోరు తెరిస్తే కనపడే స్తంభాలు, అంటే పిల్లర్లు. బానెట్ కింద రెండు పక్కలా ఉండే లోపలి రేకులు, అంటే ఏప్రాన్లు. ఇంకోటి టాపు. టాపుకి రంగు ఎందుకు పడుతుంది? టాపుని ఎవరూ గీసుకోరు కదా. బండి పల్టీ కొట్టి ఉండాలి, లేదా చెట్టు పడి ఉండాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో చెట్లు ఎలా కూలిపోయాయో ఇక్కడున్న అందరూ చూశారు. ఆ బండ్లు ఏమయ్యాయి? టింకరింగ్ చేసి తిప్పుతూనే ఉన్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడు నా చేతి కిందకి వస్తుంటాయి.

ఏప్రాన్ అంచున వేలు పెట్టి మెల్లగా రాయండి. ఫ్యాక్టరీలో రోబో వేసిన వెల్డింగు చిన్న చిన్న గుంటల్లా, ఒకే ఎడంతో, పూసలు గుచ్చినట్టు తగులుతుంది. వర్క్‌షాపులో వేసింది ముద్దలా ఉంటుంది, లేదా రుద్దేసి నున్నగా ఉంటుంది. కన్ను మోసపోవచ్చు, వేలు మోసపోదు. ఆ పక్కనే మడ్‌గార్డు బోల్టులు, బానెట్ కీలు బోల్టులు ఉంటాయి. బోల్టు తల అంచుల్లో రంగు ఊడిందా? స్పానర్ తగిలిందన్నమాట. ఎవరో విప్పారు. ఎందుకు విప్పారు? అలా ఒక ప్రశ్న పట్టుకుని ఇంకో ప్రశ్నకి వెళ్లాలి.

అద్దాలన్నిటి మూలనా కంపెనీ ముద్ర, సంవత్సరం అంకె ఉంటాయి. ఐదింటి మీద ఒకేలా ఉండి, ఆరోదాని మీద వేరేలా ఉంటే ఆ వైపు మళ్లీ చూడండి. టైరు మీద నాలుగంకెలు చూడండి. 2322 అని ఉంటే 2022లో ఇరవైమూడో వారం తయారైంది. మీటరు పద్దెనిమిది వేల కిలోమీటర్లు చూపిస్తోంది, టైర్లు నాలుగూ బండికంటే మూడేళ్లు చిన్నవి. పద్దెనిమిది వేలకే నాలుగు టైర్లు ఎవరు మారుస్తారు బాబూ? మీటరు తిప్పారు. బ్రేకు పెడల్ రబ్బరు చూడండి, స్టీరింగ్ చూడండి, డ్రైవరు సీటు కుడి అంచు చూడండి. మనిషి దిగేటప్పుడు రాసుకునే చోటు అది. మీటరు తిప్పడం పది నిమిషాల పని. సీటు అంచు అరుగుదలని ఎవరూ వెనక్కి తిప్పలేరు.

నీట మునిగిన బండి

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈరోజు ఒప్పుకున్నాననుకోండి.

2015 డిసెంబరులో చెన్నై మునిగింది, మీకు గుర్తుంది. తర్వాతి ఏడాది ఎండాకాలంలో నేను పక్క రాష్ట్రంలో ఒక యార్డు నుంచి డీజిల్ సెడాన్ ఒకటి పాడుకున్నాను. 2013 మోడల్. ఒంటి మీద గీత లేదు. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల మల్లెపూల సెంటు. మార్కెట్టు కంటే డెబ్భై వేలు తక్కువకి వచ్చింది. నేను చాలా సంతోషపడ్డాను. బొబ్బిలి వైపు రిటైరైన ఒక మాస్టారికి అమ్మాను. ఆయన జీవితంలో మొదటి కారు అది. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొనుక్కున్నారు. తాళాలు చేతిలో పెట్టినప్పుడు ఆయన భార్య నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి, నాకు కూడా బొట్టు పెట్టారు.

ఆగస్టులో, వానల్లో, ఆయన కుటుంబంతో కోరాపుట్ వెళ్లి వస్తున్నారు. రాత్రిపూట సుంకి ఘాట్‌లో, మలుపులో, బండి మొత్తం ఆగిపోయింది. ఇంజిన్, హెడ్‌లైట్లు, డ్యాష్‌బోర్డు, అన్నీ ఒకేసారి. చీకటి. వెనక లారీలు దిగుతున్నాయి. లోపల ఇద్దరు చిన్న మనవలు. భగవంతుడి దయ, ఒక లారీ డ్రైవరు చూసి ఆపి, టార్చి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు నేను సాలూరు వెళ్లాను. సాలూరు లారీల ఊరు, అక్కడి మేస్త్రీల చేతి కిందకి రాని రోగం ఉండదు. ఆ మేస్త్రి నాతో ఏమీ మాట్లాడలేదు. వెనక సీటు బెల్టు పట్టుకుని లాగాడు. లాగాడు, లాగాడు, మొత్తం చివరిదాకా లాగాడు. మనం పెట్టుకునేటప్పుడు బయటికి రాని ఆ చివరి మూర ఉంటుంది చూడండి, దాని మీద అడ్డంగా మట్టి చార ఉంది. ఎండిపోయిన బురద. బూడిద రంగు. గోటితో గీకితే పొడి రాలింది. "ఏటి బావూ, ఇది నీట్లో ములిగిన బండి. మీకు తెల్దా?" అన్నాడు.

నాకు తెలీదు. నేను చూడలేదు. ఆ సీ-బుక్కులో ఆ ముక్క ఎక్కడా రాసి లేదు. యార్డు వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. బండి వెనక్కి తీసుకున్నాను, మాస్టారికి డబ్బు పూర్తిగా ఇచ్చేశాను. దాని మీద నాకు లక్షా అరవై వేలు పోయింది. ఆ డబ్బు గురించి నేను ఆ తర్వాత ఎక్కువ తలుచుకోలేదు. ఆ మనవల్ని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటాను.

అప్పట్నుంచి నేను ఏ బండికైనా ముందు బెల్టులు లాగుతాను. ఐదు బెల్టులూ, చివరిదాకా. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూస్తాను. ఒండ్రు ఆ మూలల్లో మిగులుతుంది. సీటు కింద పట్టాలు, స్ప్రింగులు తుప్పు పట్టాయా? తివాచీ అంచు ఎత్తి ముక్కు పెట్టండి. సిగ్గుపడకండి, ముక్కు పెట్టండి. సెంటు కొట్టిన బండిని ఇంకా గట్టిగా వాసన చూడండి. హెడ్‌లైట్ లోపల తేమ గీత ఉందా? డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టిందా? చిలుము ఉంటే నా అంకె సున్నా. ఎంత తక్కువకైనా నేను పాడను. ఎందుకంటే నీళ్ల దెబ్బ ఆరోజే బయటపడదు. ఏడాది తర్వాత, ఎక్కడో ఘాట్ రోడ్డులో బయటపడుతుంది.

ఇది పాత కథ అనుకోకండి. 2023 డిసెంబరులో మిచౌంగ్‌కి చెన్నై మళ్లీ మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో టీవీల్లో చూశాం. ఆ బండ్లు ఎక్కడికి వెళ్తాయి? తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తాయి.

ఒక చిన్న కిటుకు చెప్తాను, రాసుకోండి. పాత ఇన్సూరెన్సు పాలసీ దొరికితే అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతో చూడండి. క్లెయిము లేకుండా ఏళ్లు గడిస్తే అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. ఒకే ఓనరు దగ్గర ఆరేళ్లున్న బండికి బోనస్ సున్నా ఉంటే ఈమధ్య పెద్ద క్లెయిము పడి ఉండొచ్చు, లేదా పాలసీ మధ్యలో ఆపేసి ఉండొచ్చు. ఓనరు మారితే బోనస్ ఎలాగూ సున్నా అవుతుంది, అది వేరే సంగతి.

మన సముద్రం గురించి కూడా ఒక మాట. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు తిరిగిన బండి పైకి మెరుస్తూ ఉంటుంది, కింద ఉప్పుగాలి తినేస్తుంది. ఇదివరకు నంబరు చూస్తే తెలిసేది. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే విజయనగరం, 31 అంటే విశాఖ. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు ఊరు చెప్పడం మానేసింది. సీ-బుక్కులో ఏ ఆఫీసులో రిజిస్టరైందో చదవాలి. టార్చి పట్టుకుని కింద పడుకోండి. లోయర్ ఆర్మ్‌లు, ఫ్లోరు అంచులు, సస్పెన్షన్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు చప్పగా మోగుతుంది. మొన్ననే వేసిన నల్లటి అండర్‌కోటింగ్ కనపడితే దాని కింద ఏముందో అనుమానించండి.

ఇంజిన్ గురించి ఇక్కడున్న మెకానిక్‌లకి నేను చెప్పేదేముంది. పొగ నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది, తెల్లగా వచ్చి ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి, నల్లగా వస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగలా ఉంటే హెడ్ గ్యాస్కెట్ అంకె వేసుకోండి. బీఎస్6 డీజిల్ అయితే, 2020 ఏప్రిల్ తర్వాతవి, డీపీఎఫ్, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టరు, దాని లైటు వెలుగుతోందేమో చూడండి. మరమ్మతు చాలా ఖరీదు.

స్కానర్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. బండి కంప్యూటరు గుర్తుపెట్టుకున్న లోపాల కోడ్లు చదివే మిషన్ అది. కుర్రాళ్లు అది పెట్టి "కోడ్లు ఏమీ లేవన్నా, క్లీన్" అంటున్నారు. బ్యాటరీ తీసి పెడితే చాలా బండ్లలో కోడ్లు పోతాయి. అందుకే స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో, చూడాలి. అవి పూర్తి కాలేదని చూపిస్తే కోడ్లు ఈమధ్యే చెరిగిపోయాయని అర్థం. ఎవరైనా చెరిపారా, లేక యార్డులో బ్యాటరీ చచ్చిపోయి వాటంతటవే పోయాయా? సీజింగ్ బండికి రెండోదే ఎక్కువ. కాబట్టి మోసం జరిగిందనీ చెప్పలేం, బాగుందనీ చెప్పలేం. స్కానర్ మౌనంగా ఉందంటే అంతవరకే.

కాగితాలు, లెక్క

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. చాసిస్ నంబరు మీ కళ్లతో చూసి సీ-బుక్కుతో సరిపోల్చండి. పెన్సిల్ ప్రింటు తీస్తే అంకెలు తెగకుండా రావాలి. ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్సు, ఇన్సూరెన్సు, బ్లాక్‌లిస్టు చూడండి. చలానాలు విడిగా చూడండి, అవి మన నెత్తి మీదకే వస్తాయి. సీజ్ చేసిన బండికి పాత ఓనరు సీ-బుక్కు ఇవ్వకపోతే ఫైనాన్సు కంపెనీ ఫారం 36 మీద తన పేరున కొత్తది తీసుకోవాలి. అది అయ్యిందా, ఇంకా కావాలా? కావాలంటే నెలలు పట్టొచ్చు. ఆ నెలలకి వడ్డీ ఎవరు కడతారు? ప్రభుత్వ వేలంలో కొన్నదైతే ఫారం 32, బండి చేతికొచ్చిన ముప్పై రోజుల్లో పెట్టాలి.

ఒడిశా బండ్లు మనకి అలవాటు. ఓడీ 07, ఓడీ 18 నంబర్లు చౌకగా కనపడతాయి. అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌వోసీ, ఇక్కడి జీవితకాల పన్ను కలిపాక చౌక ఎంత మిగిలిందో చూడండి. ఢిల్లీ నుంచి చౌకగా వచ్చే డీజిల్ బండ్లదీ అదే లెక్క.

ఓపెన్ పేపర్ల మీద, అంటే పేరు మార్చకుండా పాత ఓనరు సంతకం పెట్టిన కాగితాలతోనే, బండ్లు తిప్పేవాళ్లు ఇక్కడున్నారు, నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు తిప్పినవాణ్ణే. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదే. అంటే వాయిదా కట్టలేక బండి పోగొట్టుకున్న ఆ మనిషి మెడకి ఇంకోడి యాక్సిడెంటు కూడా చుట్టుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆథరైజేషన్ తీసుకుని, బండి మన చేతికి వచ్చిందని పోర్టల్‌లో తెలియజేసే పద్ధతి వచ్చింది. తీసుకోండి. ఇది మనకి కూడా రక్షణ.

ఇప్పుడు లెక్క. బోర్డు మీద రాస్తాను. అంకెలు మీకు పద్ధతి చూపించడానికి వేసుకున్నవి, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. ఒక చిన్న పెట్రోలు కారు, విజయనగరంలో శుభ్రం చేసి నాలుగున్నర లక్షలకి అమ్మగలను. నేను అమ్మగలిగిన ధర, ఓఎల్‌ఎక్స్‌లో ఎవరో పెట్టుకున్న ధర కాదు. పై నుంచి కిందకి దిగుదాం. టైర్లు, క్లచ్, రెండు ప్యానెళ్ల రంగు, బ్యాటరీ, సర్వీసు కలిపి 42 వేలు. యార్డు ఫీజు 8. విజయవాడ యార్డు నుంచి డ్రైవరు, పెట్రోలు, టోల్ 7. పేరు మార్పు, ఫైనాన్సు తీయించడం, ఇన్సూరెన్సు 14. నూటికి రూపాయిన్నర వడ్డీ, రెండు నెలలకి సుమారు 10. జీఎస్టీ 21. తెలియని ఖర్చుకి 13. నా లాభం 25. మొత్తం లక్షా నలభై. నా ఆఖరి పాట మూడు లక్షల పది వేలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదు.

జీఎస్టీ దగ్గర చాలామంది తప్పు చేస్తారు, అక్కడ ఒక్క నిమిషం. జీఎస్టీ నంబరున్న డీలరుకి 2025 జనవరి నుంచి పాత కార్లన్నిటికీ 18 శాతం. బండి మొత్తం ధర మీద కాదు, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీద. అయితే ఆ తేడాలోంచి మీరు పెట్టిన రిపేరు ఖర్చు తీసేయరు. నా చేతిలో మిగిలేది పాతిక వేలే, పన్ను పడేది లక్షా నలభై వేల తేడా మీద. ఆ తేడాలోనే పన్ను కూడా కలిసి ఉంది కాబట్టి 18 శాతానికి 21 వేలు వచ్చింది. అందుకే ఎక్కువ రిపేరు ఉన్న బండికి పన్ను కూడా ఎక్కువ తగులుతుంది. డొక్కు బండి చౌకగా కొని బాగా చేయిద్దాం అనుకునేవాళ్లు ఇది మళ్లీ మళ్లీ లెక్క వేసుకోండి.

ఆ నాలుగున్నర లక్షలు కూడా కదులుతూ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న కొత్త చిన్న కార్ల మీద పన్ను 28 నుంచి 18కి దిగింది, పైన ఉన్న సెస్సు పోయింది. కొత్తది దిగితే పాతది నిలబడుతుందా? అంతకుముందు స్టాకు పెట్టుకున్నవాళ్లు ఎంత నలిగారో మనందరికీ తెలుసు. ఆషాఢంలో కొన్న బండిని దసరాకి, పైడితల్లమ్మ సిరిమాను నాటికి అమ్ముతాం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు ఇళ్లకి వచ్చినప్పుడు అమ్ముతాం. ఎప్పుడు అమ్ముతావో తెలీకుండా ఎంతకి కొనాలో తెలీదు.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలి? పాటకి ముందురోజు సాయంత్రం. ఇంట్లో, భోజనం ముందు, పుస్తకంలో. ఆఖరి అంకె రాసి దాని కింద గీత గీయాలి. నేను మా ఇంటావిడకి చూపిస్తాను. ఆవిడకి కార్ల గురించి తెలియదు, అంకె మాత్రం గుర్తుంటుంది. పాట జరుగుతుంటే పక్కన నిలబడి "మూడు పదే కదా" అంటుంది.

ఎందుకంటే పాటలో కూర్చున్నాక మనం మనంలా ఉండం. ధరావతు కట్టేశాం, పొద్దుటి నుంచి కూర్చున్నాం, ఉత్తచేతులతో వెళ్లాలా అనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే ఆఖరి నిమిషంలో ఎవరైనా పాడితే టైము పొడిగిస్తారు. మళ్లీ పొడిగిస్తారు. ఆ పొడిగింపుల్లోనే డబ్బులు పోయేది. ఒక్కటి ఆలోచించండి. పది మంది చూసి మూడు లక్షల దగ్గర ఆగిపోయిన బండికి నువ్వు మూడు నలభై అన్నావు. వాళ్లకి కనపడనిది నీకు కనపడిందా? లేక వాళ్లకి కనపడింది నీకు కనపడలేదా?

హెచ్చుపాట మనదే అయినా బండి మనది అయిపోయినట్టు కాదు. చాలా పాటలు ఫైనాన్సు కంపెనీ ఒప్పుకుంటేనే ఖాయం. ఒప్పుకున్నాక గడువులో డబ్బు కట్టకపోతే ధరావతు పోతుంది, బండి తీయకపోతే రోజుకింత అని పార్కింగ్ పడుతుంది. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం అని కాగితంలో రాసే ఉంటుంది, మనం సంతకం పెట్టే ఉంటాం. తర్వాత గొడవ పడటానికి ఏమీ మిగలదు. అందుకే నిబంధనల కాగితం చదవండి. పాట పెట్టే ప్రతిచోటా నిబంధనలు వేరు.

చూసి రాసుకున్న ఆ పుస్తకం పారేయకండి. నేను బండి అమ్మేటప్పుడు ఆ పేజీ కొనేవాళ్లకి చూపిస్తాను. ఈ డోరుకి రంగు పడింది, క్లచ్ కొత్తది, మీటరు మీద నాకు నమ్మకం లేదు అని. మొదట్లో బేరాలు పోతాయేమో అనుకున్నాను. కొన్ని పోయాయి. బొబ్బిలి మాస్టారు మాత్రం రెండేళ్ల తర్వాత మళ్లీ నా దగ్గరికే వచ్చారు. ఈసారి బెల్టులు ఆయనే లాగి చూసుకున్నారు.

మాటలు చాలు. బయట వేపచెట్టు కింద రెండు బండ్లు పెట్టించాను. తెల్లది, ఎర్రది. ఒకదానికి ముందు భాగం మొత్తం కట్ చేసి అతికించారు. ఏదో నేను చెప్పను. మిషన్ ఇక్కడే వదిలేసి రండి, ముందు వేలితో చూడండి. నలుగురేసి వెళ్లండి. ఒక్కొక్కరు ఒక చీటీ మీద ఎక్కడ దెబ్బ, ఎంత ఖర్చు, మీ ఆఖరి పాట ఎంత, మూడూ రాసి నాకివ్వండి. టీ వచ్చేసరికి చీటీలు విప్పి చూద్దాం.